రెండు గాట్లు

“ఇవి వాటంతటవి చిరగలేదు. ఎవరో కోశారు,” అన్నాడు మెకానిక్, ఆంప్లిఫయర్ వెనక చెక్క ఊడదీసి లోపల టార్చి వేస్తూ.

గిటారిస్టు, అతని భార్య వంగి చూశారు. యాభై ఏళ్ళనాటి వాల్వుల ఆంప్లిఫయర్ అది. పైన వరసగా గాజు వాల్వులు, కింద పళ్ళేలంతేసి స్పీకర్లు రెండు. రెండింటి నల్లకాగితం మీదా జానెడు గాటు ఉంది. ఒకటే తీరు, ఒకటే పొడవు.

“పాతబడి చిరిగితే అంచు పీచుపీచుగా ఉంటుంది. ఎలక కొడితే ముక్కలు రాలతాయి. ఇది బ్లేడు పని.”

ఆ బరువు పెట్టెను మెకానిక్ దుకాణం మూడు మెట్లెక్కించి బల్ల మీదకి చేర్చింది భార్యే. మొగుడుగారు వెనకాల నడుస్తూ “జాగ్రత్త, జాగ్రత్త” అని సలహాలిచ్చారు. సలహాలకి బరువుండదు కదా.

“ఇంట్లో ఉండేది మేమిద్దరమే,” అన్నాడు గిటారిస్టు. మెల్లగా భార్యవైపు తిరిగాడు. “నువ్వా?”

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత గాట్లవైపు చూసింది.

“నేనే,” అంది.

అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. ఆ తర్వాత నోరు లేచింది.

“విన్నారా అన్నా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! ఎల్లుండే ప్రోగ్రాం. పదేళ్ళ తర్వాత పిలిచారు. గోడలన్నిటి మీదా నా బొమ్మే. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పను?”

“నా పెళ్ళాం కోసేసిందని చెప్పండి,” అంది భార్య.

“చెప్తాను! చెప్పకుండా ఊరుకుంటానా?”

“ఎందుకమ్మా ఇలా చేశావు?” అన్నాడు మెకానిక్.

“పొద్దస్తమానం ఆ మోత. చెవులు చిల్లులు పడిపోతున్నాయి,” అంది ఆమె, పాఠం అప్పజెప్పినట్టు.

గిటారిస్టు కుర్చీలో కూలబడ్డాడు. “ఈ రకం స్పీకర్లు ఇప్పుడు తయారుకావు. ఎక్కడా దొరకవు. వేరేవాటితో నేను స్టేజి ఎక్కను. ఇక ప్రోగ్రాం లేనట్టే కదన్నా? నేను చెప్తే నమ్మరు. ఫోన్ కలిపిస్తాను, ఆ ముక్కేదో మీరే చెప్పండి.”

మెకానిక్ నవ్వాడు. స్టూలెక్కి, అలమర పైనుంచి పాత దుప్పటి మూట దించి బల్ల మీద విప్పాడు. రెండు స్పీకర్లు!

“అదే కంపెనీ, అదే సైజు. చెదలు తినేసిన పెట్టెలోంచి తీసి దాచాను, నీలాంటివాడు ఎప్పటికైనా రాకపోతాడా అని.”

అడగ్గానే వరం దొరికితే మొహం అంతలా మాడ్చుకున్నవాణ్ణి మెకానిక్ తన సర్వీసులో చూడలేదు.

“ఓములు కలవవేమో అన్నా.”

“అదీ ఎనిమిదే, ఇదీ ఎనిమిదే.”

“కన్నాలు?”

“అవే కన్నాలు.”

“గొంతు మారిపోతుందేమో...”

“ముందు విను. తర్వాత చెప్పు.”

గంట పట్టింది. పాత తీగల టంకం కరిగించి ఊడదీశాడు. కొత్తవాటిని కూర్చోబెట్టి, చట్రం వంకరపోకుండా ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించాడు. టంకం పెట్టి స్విచ్చి వేశాడు. వాల్వులు ఎర్రబడే దాకా ఆగి, గోడకున్న గిటారు తీసి ఒక్క తీగ మీటాడు. కిటికీ అద్దాలు వణికాయి. పాతకాలపు గొంతు, కమ్మగా, నిండుగా గదంతా పరుచుకుంది. ముసలి మెకానిక్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి.

“పట్టు నాయనా. నీ చేత్తో నాలుగు ముక్కలు వాయించు.”

గిటారిస్టు కుర్చీలోంచి లేచి వెనక్కి జరిగాడు.

“నా వల్ల కాదన్నా. మనసు విరిగిపోయింది. కట్టుకున్నదే గొంతు కోశాక ఇంకేం వాయిస్తాను? ఎల్లుండీ వాయించను. ఇంకెప్పుడూ వాయించను. అడిగినవాళ్ళకి నా భార్య పేరు చెప్తాను.”

విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. పక్క దుకాణంవాళ్ళకి కథంతా మొదట్నుంచీ చెప్పడం లోపలికి వినిపిస్తూనే ఉంది. చెప్పినప్పుడల్లా భార్య ఇంకాస్త రాక్షసి అవుతోంది. వినేవాళ్ళు అయ్యో అంటున్నారు.

మెకానిక్ కడుపు మండిపోయింది.

“సంతోషమేనా అమ్మా? పదేళ్ళుగా ఆ పిలుపు కోసమే కాచుకుని ఉన్నాడు. నువ్వు కోసింది కాగితం కాదు, వాడి బతుకు. వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా ఒప్పించు.”

ఆమె కదల్లేదు.

“అన్నయ్యా, ఆ కోసినవే మళ్ళీ బిగించెయ్యండి. కొత్తవి కుదరలేదని ఆ ప్రోగ్రాంవాళ్ళకి మీరే చెప్పండి.”

స్క్రూడ్రైవరు బల్లమీద ఠంగుమంది.

“ఇంకా కసి తీరలేదా? నువ్వసలు ఆడదానివేనా?”

ఆమె వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఆయన ఎడమచేతి వేళ్ళు వంగక రెండు నెలలైంది. వాయించలేనని చెప్పుకోలేక చస్తున్నారు. నాకూ తెలియదనే అనుకుంటున్నారు,” అంది. “నిన్న ఆయన వీటిని బ్లేడుతో కోస్తుంటే, నేను గుమ్మంలోనే ఉన్నాను అన్నయ్యా.”