బావ కొనిచ్చిన హెడ్‌ఫోన్

బావా, ఎదురుగా చెప్పలేక మెసేజ్ పెడుతున్నా. మీ ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు నాకు కొనిచ్చిన హెడ్‌ఫోన్ మూడో వారానికే చెడిపోయింది. పాటలొస్తాయి. బయటి చప్పుడు ఆపే బటన్ మాత్రం పనిచెయ్యదు, ఉత్తి నీలం లైటు వెలుగుతుంది.

నీకది తెలీదు. రోజూ డ్యూటీ నుంచి రాగానే, "ఏరా మూగోడా, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఆ సిగ్గేంట్రా? పాటలు పెట్టుకో" అని నువ్వే నా చెవులకి తగిలించేవాడివి. లైటు వెలిగిందో లేదో చూసి, అక్క ఉన్న గదిలోకెళ్లి తలుపేసుకునేవాడివి.

నేను పాటలు పెట్టేవాణ్ణి కాదు. అక్కని తిట్టిన ప్రతి తిట్టూ విన్నా. బెల్టు చప్పుడు కూడా విన్నా. పొద్దున అక్క "జారిపడ్డాన్రా" అనేది. ఒళ్లు మండిపోయేది, కానీ నోరు లేచేది కాదు.

నిన్న అక్కని మా ఇంటికి తీసుకొచ్చేశా. నువ్వు అమ్మకి ఫోన్ చేసి, "నేను దాన్ని పల్లెత్తు మాట అనలేదత్తయ్యా" అన్నావంట. సిగ్గుండాలి!

ఆ హెడ్‌ఫోన్‌కి మైకు కూడా ఉంది బావా. నువ్వు తలుపేసుకోగానే చెవుల నుంచి తీసి, ఆ తలుపు దగ్గర పెట్టి ఇరవై రోజులు నా ఫోన్లో రికార్డు చేశా. ఇందాక అమ్మ చెవులకి నేనే తగిలించా. మొదటి రోజుది కూడా పూర్తిగా వినలేదు, తీసేసి చెప్పులేసుకుంది.

నీ దగ్గరికే వస్తోంది.