పట్టుకోవలసిన చెయ్యి

తలుపు తెరవగానే వాసన ముఖం మీద కొట్టింది.

పదకొండో తరగతి పిల్లలు వెనక్కి తగ్గారు. వాళ్లను కాలేజీలు చూపించడానికి తీసుకొచ్చిన కెరీర్ సారు అందరికంటే ముందు తగ్గాడు. సెంటు పూసిన చేతిరుమాలు ముక్కుకు అదుముకున్నాడు.

"పదండి, పదండి. ఇంకా రెండు కాలేజీలు చూడాలి."

"కళ్లు మండుతున్నాయి సార్."

"డాక్టర్లమవుతామని మీరే కదర్రా ఎగిరారు. మండనీ."

మెడికల్ కాలేజీలో శవాలను కోసి చదువుకునే గది అది. ఇనుప బల్ల మీద ఒక మగ శవం. ముఖం మీద గుడ్డ, మెడ నుంచి కాళ్ల దాకా మరో గుడ్డ. చేతులు, పాదాలు మాత్రం బయట. చర్మం నాని ఆరిన తోలులా ఉంది.

అక్కడి డాక్టరమ్మది చిన్న వయసే.

"చూడ్డానికి వచ్చినవాళ్లు చూడండి. డాక్టరు చదవాలనుకునేవాళ్లు మాత్రం గ్లౌజులు వేసుకుని ఒక్కసారి ఈ చెయ్యి పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే సిగ్గేం లేదు. చేరాక తెలిసేకంటే ఇప్పుడే తెలియడం నయం."

గ్లౌజులు చాలవని చూసుకుని, తేవడానికి ఆమె పక్క గదిలోకి వెళ్లింది.

వరసలో చివర ఒక అమ్మాయి నిలబడింది. ఇంట్లోనూ బడిలోనూ ఆమెను 'సున్నితం' అంటారు. కంచంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూటకు పస్తే.

పొద్దున బయల్దేరుతుంటే తల్లి అడ్డం నిలబడింది.

"బల్లి తోక తెగిపడితే ఇల్లు పీకి పందిరేశావు. నువ్వా డాక్టరు?"

"అది వేరమ్మా."

"ఏం వేరు? సరే, అక్కడ ఏటా పట్టుకోమంటారన్నావే, ఆ శవం చెయ్యేదో పట్టుకునిరా. మీ నాన్నను ఒప్పించే పూచీ నాది. పట్టుకోలేకపోయావో, ఇంకీ ఇంట్లో డాక్టరు మాట ఎత్తకు."

నాన్నమ్మ మంచాన పడ్డ రోజుల్లో, వాసనకు భయపడి ఆ గది గుమ్మం దాటలేకపోయింది సున్నితం. నాన్నమ్మ పిలుస్తూనే ఉండేది. డాక్టరు చదువు ఎందుకని ఎవరడిగినా ఆమె ఆ సంగతి చెప్పలేదు.

"ఎవర్రా ఈ తాత?" అన్నారు ముందున్న వాళ్లు.

"దిక్కులేని శవమై ఉంటుంది. అయినవాళ్లుంటే ఇక్కడెందుకు పడేస్తారు?"

సారుకు పాఠం దొరికింది. చేతిలోని కాలేజీ బ్రోచర్లను చుట్టగా చుట్టి శవం పాదం మీద తట్టాడు.

"చూశారా? దారీ తెన్నూ లేకుండా బతికితే ఆఖరికి ఇదే గతి. అందుకే నా మాట వినండి అనేది."

పిల్లలు నవ్వారు. ఆ నవ్వుకు ధైర్యం వచ్చి, క్లాసులో ఎప్పుడూ మొదటివాడైన 'ర్యాంకు' జేబులోంచి పెన్ను తీశాడు. శవం వేళ్ల మధ్య గుచ్చాడు.

"తాతా, నా అప్లికేషన్ మీద ఒక సంతకం గిలుకు!"

ఇంకొకడు ఫోను ఎత్తాడు. "కొంచెం జరగరా, సారు కూడా పడాలి."

సారు ఫొటో కోసం ముక్కు మీది రుమాలు తీశాడు. నవ్వాడు.

సున్నితం వాళ్ల వైపు చూసింది. సారు పళ్ల సందున ఇరుక్కున్న పచ్చటి తునక. ర్యాంకు పెదవి మూల ఆరిన ఉమ్మి. ఫోను అద్దం మీద జిడ్డు వేళ్ల ముద్రలు. తెరుచుకున్న నోళ్లు, తడి చిగుళ్లు. ఇంతసేపూ బల్ల మీద నుంచి వస్తోందనుకున్న కంపు ఇప్పుడు తన చుట్టూ నిలబడి ఊపిరి పీలుస్తోంది.

ఆమె వాళ్లను తోసుకుని వెళ్లింది. బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటీ విడదీసి పెన్ను లాగేసింది. ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి, శవం పక్కన సరిగ్గా పెట్టింది. పెన్నును చెత్తబుట్టలో పడేసింది.

"ఏయ్ సున్నితం! ఖరీదైన పెన్నే అది!"

ఆమె మూలనున్న సింకు దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది.

డాక్టరమ్మ గ్లౌజుల పెట్టెతో వచ్చేసరికి ఆమె ఇంకా వంగే ఉంది.

"పర్లేదమ్మా. శవాన్ని చూసి కక్కుకునేవాళ్లు ఏటా ఉంటారు. డాక్టరు కాకపోతే బోలెడు చదువులు."

"శవాన్ని చూసి కాదండీ."

డాక్టరమ్మ ఆమె చేతుల వంక చూసింది. వాటికి శవాన్ని నిలవ ఉంచే మందు వాసన.

"గ్లౌజులేవీ?"

సున్నితం అప్పుడు చూసుకుంది. "మర్చిపోయాను."

డాక్టరమ్మ కుళాయి తిప్పి, సబ్బు అందించింది. తర్వాత సారు వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి పేరు రాసుకోండి, డాక్టరు చదువుకి."

"అది కక్కిందండీ!"

"రాసుకోండి."

"సరే, మీ ఇష్టం." సారు మళ్లీ రుమాలు అదుముకున్నాడు. "అన్నట్టు, ఇలా దిక్కూ మొక్కూ లేనివాళ్లు మీకు ఎక్కడ దొరుకుతారండీ?"

డాక్టరమ్మ శవం చేతి మీదికి గుడ్డ లాగి సర్దింది.

"దొరకలేదండీ, బతికుండగానే ఆయనే తన శరీరాన్ని కాలేజీకి రాసిచ్చారు. తనను ఎరిగిన పిల్లలెవరైనా గుర్తుపట్టి ఏడుస్తారేమో, ముఖం కప్పి ఉంచమనీ చెప్పారు."

"గుర్తుపట్టడమేంటి?"

"మీకంటే ముందు ఈ పిల్లల బళ్లో మీ పని చేసిన మాస్టారండీ, డాక్టరు కావాలన్న పిల్లల్ని ఏటా ఇక్కడికి తెచ్చి చెయ్యి పట్టుకోమన్నది ఈయనే, నన్ను కూడా."