నలభై ఒకటో గింజ

"నలభై."

వెంకటశేషమ్మ చాప మీది గింజల్ని మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కటే వేలితో పక్కకు జరిపింది. ఈసారీ నలభయ్యే. దవడన పెట్టుకున్న ఆకూవక్కా ముద్ద గుటుక్కున గొంతులోకి జారిపోయింది.

"ఇంకోటి యాడే?"

ఐదేళ్ల మనవరాలు ఇందిర తడికకు ఆనుకుని నిలబడింది.

అవి గురివింద గింజలు. కంచె మీద కోసుకొచ్చి, మూడు రోజులు నానేసి, మెత్తబడ్డాక సూది కాల్చి ఒక్కొక్కదానికీ బెజ్జం పెట్టింది ముసలమ్మ. నిన్న దీపాలవేళ లెక్కపెట్టి మరీ కొబ్బరిచిప్పలో పోసింది. నలభై ఒకటి. వలదారం తెచ్చి, ఎర్రగింజకూ ఎర్రగింజకూ నడుమ సముద్రపొడ్డున ఏరిన తెల్లగుల్ల గుచ్చి దండ చేద్దామని ఇప్పుడే కూర్చుంది. ఈ సాయంత్రం బస్సుకు కూతురు వస్తుంది. పిల్లను నాగార్జునసాగరం తీసుకుపోతుంది. అల్లుడికి అక్కడ డ్యామ్ పని. మెడలో దండ ఉన్నన్నాళ్లయినా పిల్లకు అవ్వ గుర్తుంటుందని ఆమె ఆశ.

"మింగినావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నిన్న బెల్లం గూడా తినలేదనే చెప్పినావు! నోరు తెరువు. తెరువే!"

ముసలమ్మ పిల్ల దవడలు పట్టుకుని నోట్లో వేలు పెట్టింది. ఇందిర కెవ్వుమంది. ఆ కేకకు పక్కింటి జీవానందం పరుగెత్తుకొచ్చాడు. కావలిలో కాంపౌండరుగా చేసి వచ్చినవాడు.

"ఏందవ్వా, ఊరికి పోయే పిల్లను పీక పిసికి పంపిస్తావా?"

"గురివింద గింజ మింగింది నాయనా!"

"ఓస్, అంతేనా? కంసాలోళ్ల పిల్లలు తూకం గింజలు మింగితే నేను చూళ్లేదా? రాతి గింజ అది. పోయింది పోయినట్టే బయటికొస్తుంది."

"నానేసినా. బెజ్జం గూడా పెట్టినా."

జీవానందం మొహంలో నవ్వు ఆరిపోయింది.

"ఎంత పని చేసినావవ్వా! పైతోలు గట్టిగా ఉన్నంతసేపే అది పూస. నలిగిందంటే విషం. గొడ్డే నిలవదు, పసిబిడ్డ ఎంత?"

అతనే ఉప్పునీళ్లు కలిపి పిల్ల చేత బలవంతాన తాగించాడు. రెండుసార్లు కక్కుకుంది. పొద్దున తిన్న సద్దికూడు తప్ప ఏమీ రాలేదు. ముసలమ్మ ఆ కక్కినదాన్ని పుల్లతో కెలికి కెలికి చూసింది. చాప దులిపింది. ఉట్టి దించింది. ఇంట్లో ఇసక చేటలో పోసి చెరిగింది. గింజ లేదు.

"నాలుగు గంటల బస్సు మళ్లీ కావలికే గదా తిరిగిపోయేది. దాంట్లో పెద్దాసుపత్రికి పోదాం," అన్నాడు జీవానందం. "నేను పోయి రోడ్డు మీద నిలబడతా. కడుపులో తిప్పిందన్నా, ఒళ్లు చల్లబడినా కేకెయ్యి."

ముసలమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని వాకిట్లో కూర్చుంది. నిమిషానికోసారి పొట్ట తడిమింది. కనురెప్పలు విప్పి చూసింది. ఈ వాకిట్లో నిలబడి ఆమె ఎందరినో సాగనంపింది. తిరిగొచ్చినవాళ్లు తక్కువ. అందుకే, నాలుగురోజులు ఆ బస్సు రాకుండా చెయ్యమని నిన్న పోలేరమ్మకు మొక్కుకుంది. "నువ్వు పోతే రేపట్నుంచి నా రోట్లో వక్కలు ఏసేదెవరే?" అని ఇవాళ పొద్దున ఆకు దంచుకుంటూ కళ్లు తుడుచుకుంది కూడా. ఆ మొక్కే ఇట్లా తిరిగి తగులుకుందా?

"తల్లీ, బుద్ధి తక్కువై మొక్కినా. బస్సు రానీ. నా బిడ్డ ఎంత దూరమన్నా పోనీ. బతికుంటే చాలు."

"అవ్వా, ఆకలి," అంది ఇందిర.

"నొప్పిగా ఉందా? యాడ?"

"నొప్పి కాదు. ఆకలి!"

గంజి పోస్తే గిన్నె నాకింది. గడప మీద ఒంటికాలితో గెంతింది. పిల్ల ఒళ్లు వెచ్చగా, మామూలుగానే ఉంది. ముసలమ్మకే గంజి వాసనకు గొంతు దాకా ఏదో ఎగదన్నింది. చీర కొంగుతో చెమట తుడుచుకుంది. భయం పట్టుకుంటే ఆమెకు ఎప్పుడూ అంతే.

రోడ్డు వైపు దుమ్ము లేచింది. హారన్ మోగింది.

"అమ్మొచ్చింది! అమ్మొచ్చింది!" ఇందిర మేకపిల్ల మాదిరి వాకిలంతా ఎగిరింది.

ముసలమ్మ గుండె కాస్త కుదుటపడింది. ఇంతగా ఎగిరే పిల్ల కడుపులో విషమెట్లా ఉంటుంది? పిల్లను దగ్గరకు లాక్కుని జుట్టు సవరించింది.

"నా బంగారు తల్లివి గదూ? మీ అమ్మతో చెప్పనులే. ఆ గింజ ఏం చేసినావే?"

ఇందిర అవ్వ మొహం వంక చూసింది. పొద్దుటినుంచీ చూస్తున్న కోపం అక్కడ లేదు.

"కొట్టవు గదా?"

"నిన్ను కొడతానా? చెప్పు."

పిల్ల చూపుడువేలితో ముసలమ్మ పెదవిని మెల్లగా తాకింది.

"నీ నోరు బాగా ఎర్రంగా పండాలని, పొద్దున వక్కతోపాటు నీ రోట్లో ఏసినానవ్వా."