పాచికి మేత

"మళ్ళీ వచ్చింది. నిన్ననే కదా గీకాను. తెల్లారేసరికి గడ్డం పెంచుకుని కూర్చుంది" అన్నాడతను, మోచేతి దాకా ఉప్పునీళ్ళలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో రాయిని రుద్దుతూ.

ఊళ్ళో మొరాయించిన లిఫ్టు ఏదైనా అరగంటలో దారికి తెచ్చే మెకానిక్ అతను. సముద్రపు చేపల కోసం హాల్లో పెట్టుకున్న నాలుగడుగుల గాజు తొట్టి మాత్రం నెల రోజులుగా అతన్ని మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోంది. మొదటి వారం గోధుమరంగు మడ్డి. రెండో వారం నుంచి పచ్చటి పాచి, వెంట్రుకల్లా.

"ఆ గడ్డం మీకూ పెరిగింది" అంది భార్య. "చూడండి, ముక్కు మూసుకుని టీవీ చూడలేను. రేపటికల్లా ఆ పచ్చ పోవాలి. లేకపోతే తొట్టే పోవాలి."

"పోతుంది. షాపతను వస్తున్నాడుగా."

"పసుపు చేప నాదే కదా నాన్నా?" ఆరేళ్ళ కూతురు చిట్టి గాజుకి ముక్కు ఆనించి అడిగింది.

"నీదేనమ్మా. పదిసార్లు చెప్పాను. ముక్కు తియ్యి, మరక పడుతుంది."

ఫోన్ మోగింది. తడి చేత్తోనే తీశాడు. స్కూలు వ్యాను డ్రైవరు. సోమవారం నుంచి పాపకి సీటు ఉంచాలా, ఇంకెవరికైనా ఇచ్చెయ్యాలా, ఇప్పుడే తేల్చమంటున్నాడు.

"ఉంచమనండి. ఆ రోడ్డు మీద బళ్ళు ఎలా వస్తున్నాయో చూశారుగా" అంది భార్య.

వంటింట్లోంచి అతని తల్లి గొంతు వచ్చింది. "ఎవరికైనా ఇచ్చుకోమను. రెండు వీధులు, ఒక్క సిగ్నలు. ఆ మాత్రం దూరం నా మనవరాలిని దింపలేనా? నాకేం కాళ్ళు పడిపోయాయా?"

"నేను నానమ్మతోనే వెళ్తా. వ్యాన్లో సిగ్నల్ ఆట ఉండదు" అంది చిట్టి.

"అదేం ఆటే?"

"ఏ లైటు వెలిగిందో నేను చెప్పాలి. కరెక్టుగా చెబితే నానమ్మ చాక్లెట్ ఇస్తుంది."

అతనికి నవ్వొచ్చింది. నెల రోజుల్లో ఆ ఇంట్లో వినబడ్డ మంచి మాట అదొక్కటే. "వద్దులే బాబూ, మా అమ్మ తీసుకెళ్తుంది" అని ఫోన్ పెట్టేశాడు. భార్య మొహం తిప్పుకుంది. ఇక ఆ పూట మాటల్లేవని అతనికి అర్థమైంది.

తల్లి టీ తెచ్చింది. ఒక్క గుక్క తాగి కిటికీలోంచి ఉమ్మేశాడు.

"ఉప్పమ్మా."

"ఉప్పు కాక ఏముంటుంది? బకెట్లకి బకెట్లు తెచ్చి నా వంటింట్లో దించావు. ఏది చక్కెరో, ఏది నీ సముద్రమో ఎవరికి తెలుస్తుంది?"

అతను కప్పు కింద పెట్టాడు. అప్పుడు చూశాడు, తొట్టి మీద లైటు వెలుగుతోంది.

"ఈ లైటెవరు వేశారు?"

"నేనే. గదంతా చీకటిగా ఉంటేనూ."

"పదకొండింటికి చీకటేంటమ్మా? కిటికీ తీసే ఉందిగా. వెలుతురుంటే పాచి పెరుగుతుందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా?"

"నువ్వు చెప్పినవన్నీ బుర్రలో పెట్టుకోవడానికి నేనేం నీ దగ్గర పని నేర్చుకుంటున్నానా?"

ఆమె విసవిసా లోపలికి వెళ్ళింది. దారిలో స్టూలు కాలికి తగిలింది. "ఇదొకటి, అడ్డంగా" అని దాన్నీ తిట్టింది.

మధ్యాహ్నానికి అక్వేరియం షాపతను వచ్చాడు. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందు వేసి ఊపాడు. నీళ్ళు ముదురు నీలంగా మారాయి.

"ఫాస్ఫేటు మండిపోతోంది సార్. లోపల తిండి కుళ్ళుతోంది. మీ పాచికి రోజూ విందు భోజనమే."

"తిండెక్కడిదయ్యా? ఫిల్టరు నీళ్ళే పోశాను. రాళ్ళు నువ్విచ్చినవే. నెల రోజులు తొందరపడొద్దన్నావు, పడలేదు."

షాపతను వంగి, కింది అరలోంచి మేత డబ్బా తీసి చెవి దగ్గర ఆడించాడు. మూత తీసి చూపించాడు.

"నేనిచ్చినప్పుడు నిండుగా ఉంది సార్. ఇప్పుడు అడుగున పిడికెడు లేదు."

అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. "చిట్టీ, ఇలా రా."

"నేను కాదు నాన్నా."

"అబద్ధం చెప్పకు. నెల్లాళ్ళుగా నేనిక్కడ చేతులు అరగదీసుకుంటుంటే, నువ్వు వెనకనుంచి..."

"నేను కాదు." చిట్టి ఒక అడుగు వెనక్కి వేసింది.

"పసిదాన్ని ఎందుకురా అలా గదమాయిస్తావు?" తల్లి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "వేస్తున్నది నేను."

"నువ్వా?"

"నేనే. పొద్దునొక చెంచా, సాయంత్రమొక చెంచా. నువ్వు రాళ్ళు తోముకుంటూ కూర్చుంటావు, నీ పెళ్ళాం ముక్కు మూసుకుంటుంది. నోరులేని జీవాల ఆకలి ఈ ఇంట్లో ఎవరికి పట్టింది?"

షాపతను డబ్బాకి మూత పెట్టి, తొట్టి వైపు ఓసారి చూశాడు. ఆమె తొట్టి దగ్గరికి వచ్చి గాజు మీద వేలు పెట్టింది. గొంతులో మురిపెం.

"ఆ పసుపుది ఉంది చూశావూ, మహా తిండిపోతు. నా అడుగుల చప్పుడు వింటే చాలు, పైకి వచ్చేస్తుంది. అదిగో, ఇప్పుడు కూడా రాయి పక్కనుంచి నన్నే చూస్తోంది."

అతను ఆ వేలు వైపు చూశాడు. తర్వాత తల్లి కళ్ళలోకి చూశాడు. బల్ల మీద ఫోన్ తీసి, వ్యాను డ్రైవరు నంబరు వెతకసాగాడు.

ఆ తొట్టిలో ఇంకా ఒక్క చేపను కూడా వేయలేదు.