పింగో కొలత

"టేపు సరిగ్గా పడలేదు. మళ్లీ వెయ్యండి!" బోను కమ్మీలు పట్టుకుని అరిచాడు క్లోవిస్.

పశువుల డాక్టర్ జుల్మీరా వంగి, అతని కోడె పింగో వెనక కాళ్ల మధ్య మూడోసారి టేపు చుట్టింది. "ఇరవై రెండున్నర సెంటీమీటర్లు. టేపు తప్పేం లేదు క్లోవిస్ గారూ. పద్దెనిమిది నెలల కోడెకి బీజాల చుట్టుకొలత ఇరవై ఆరన్నా లేకపోతే విత్తనానికి పనికిరాదు."

అకిదవానా సంత మైదానంలో ఆ ఉదయం కొలతకొచ్చిన నెలోరి జాతి కోడెలన్నిట్లోకీ పింగోదే మెడ, పింగోదే మూపురం. ముందు నుంచి చూస్తే కొండ. వెనక నుంచి చూస్తేనే క్లోవిస్ పరువు పోయింది.

పక్క బోనులో అతని బావమరిది ఓస్మార్ కోడె అప్పటికే ముప్పై దాటింది. వీర్య కేంద్రం వాళ్లు ఏడాదికి జిల్లా మొత్తానికి ఒక్క కోడెనే తీసుకుంటారు. ఆ ఒక్కటీ పింగో అయితే, ఆదివారం ఆదివారం అత్తగారి భోజనాల బల్ల దగ్గర ఓస్మార్ గొప్పలు వినే పీడ విరగడవుతుందని క్లోవిస్ ఆశ. ఇప్పుడా ఓస్మారే కంచెకి ఆనుకుని, గొట్టంతో చల్లటి తెరెరే ఆకుపానీయం పీలుస్తూ నవ్వుతున్నాడు.

"ఏం బావా, పోనీ మూపురం కొలిపిద్దామా?"

చుట్టూ ఉన్న కాపరులు పగలబడి నవ్వారు. క్లోవిస్ ఓస్మార్ వైపు వేలు చూపించాడు.

"డాక్టరమ్మా, వీడు దొంగ! మూడు నెలల నుంచి ప్రతి గురువారం కోడెకి ఇంజెక్షన్ పొడుస్తున్నాడు. మగ హార్మోను! కంచె ఇవతల నుంచి నా కళ్లారా చూశాను."

"అన్ని కోడెల రక్తమూ పోయిన వారమే పరీక్ష చేశాం. ఓస్మార్ గారి కోడె రక్తంలో ఏమీ లేదు."

"లేకపోవడమేంటి? వాడు పారేసిన సీసా మీద పేరు చూసే కదా నేనూ కొన్నాను! వాడు ఒకటి పొడిస్తే నేను రెండు పొడిచాను. వాడిదానికి పెరిగి నాదానికెందుకు పెరగలేదో చెప్పండి!"

నవ్వులు ఆగిపోయాయి. తానేం వాగాడో క్లోవిస్‌కి అప్పుడు తెలిసింది. నాలిక కరుచుకున్నాడు గానీ ఏం లాభం?

"హార్మోను కనబడింది మీ కోడె రక్తంలోనే," అంది జుల్మీరా నెమ్మదిగా. "మీరే చెబుతారేమోనని ఆగాను. బయటి నుంచి ఊరికే వచ్చి పడుతుంటే ఒంట్లో పుట్టించే పనేముంటుంది? బీజాలకి పని చెప్పడం మెదడు మానేస్తుంది. ఎదిగే వయసులో అవి ముడుచుకుపోతాయి. కండ పెరుగుతుంది, మెడ పెరుగుతుంది, అవి మాత్రం తరుగుతాయి."

"ఆపేస్తే మళ్లీ పెరగవా అమ్మా?"

"పెరగొచ్చు. కానీ సూది పొడిచిన కోడెకి మా కేంద్రం పుస్తకంలో ఇక చోటుండదు." పింగో పేరు మీద అడ్డంగా గీత గీసింది. "బీజాలు తీయించి మాంసానికి మేపుకోండి."

పింగో ఏమీ ఎరగనట్టు అతని చొక్కా చేతిని నాకింది. క్లోవిస్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. ఓస్మార్ కోడెని కేంద్రం లారీ ఎక్కిస్తుంటే అటు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

కాసేపటికి ఓస్మార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒరేయ్, నిజం చెప్పు. ఆ సూదిలో ఏం పోశావు?" అడిగాడు క్లోవిస్.

"ఉప్పునీళ్లు."

"ఉప్పునీళ్లు పొడవడానికి నా కంచె దాకా రావడమెందుకు, ఆ హార్మోను సీసా అక్కడ పారేయడమెందుకురా?"

"నువ్వు చూడాలని."

"నేనేం చేశానురా నీకు?"

ఓస్మార్ నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"క్రిస్మస్‌కి మీ ఇంటికొచ్చినప్పుడు, ఎవరూ చూడకుండా నీ కోడె బీజాలు కొలిచాను బావా. నాదానికన్నా రెండు వేళ్లు ఎక్కువొచ్చింది. ఆ పూట నుంచీ నాకు ముద్ద దిగలేదు."