నెమ్మదైన చేప కావాలి

"ఈసారి కలుపు వచ్చిందోయ్," అన్నాడు భర్త, అక్వేరియం అద్దానికి ముక్కు ఆనించి.

లెక్కల టీచరమ్మ దిద్దుతున్న పేపరు పక్కన పడేసి లేచింది. హాల్లో సగం గోడ ఆ ఉప్పునీళ్ళ తొట్టిదే. అందులో బతికున్న పగడాలు, వాటి మధ్య రంగురంగుల చేపలు. ఏడాది క్రితం ఆవిడ ఖండితంగా చెప్పేసింది, ఇక ఈ ఇంట్లోకి ఒక్క చేప కూడా రావడానికి వీల్లేదని. మరీ అవసరమైతే తప్ప.

ఆవిడ మాటంటే మాటే. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా వసపిట్టలా వాగే భర్త, ఇంటికొస్తే ఆ మాట జవదాటి ఎరగడు. వీధిలో వాళ్ళు ఆయన్ని చూసి జాలిపడేవారు, ఆవిణ్ణి చూసి భయపడేవారు. ఆవిడకి అది లోలోపల ముచ్చటగానే ఉండేది.

అయితే పాపం, అవసరాలు వస్తూనే ఉన్నాయి. మొదట పగడాలకి సన్నటి పురుగులు పట్టాయి. వాటిని తినడానికి పచ్చచేప వచ్చింది. తర్వాత బియ్యపుగింజంత నత్తలు పుట్టాయి. వాటిని తినడానికి నీలంచారల చేప వచ్చింది. అది నత్తల్ని తిన్నమాట నిజమే. తిని ఊరుకోకుండా, తొట్టంతా తన అబ్బసొత్తయినట్టు మిగతా చేపల్ని తరిమి తరిమి కొట్టింది. దాన్ని పట్టి తిరిగి చేపల షాపులో అప్పజెప్పేసరికి భర్తకి తాతలు దిగొచ్చారు.

"అసలివన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయండీ?"

"సముద్రం సరుకు కదా. ఏ రాయికి అంటుకుని వస్తాయో ఏం చెప్పగలం!" అన్నాడాయన దీనంగా.

ఈసారి వచ్చిన కలుపు చూడ్డానికి గోధుమరంగు పూవులా ఉంది. కానీ పూవు కాదు, ప్రాణి. పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి చంపుతుంది. పీకబోతే ముక్క మిగిలి, ఒకటి పదవుతుంది. అది సరిగ్గా ఆవిడ ముచ్చటపడే నారింజరంగు పగడానికి బెత్తెడు దూరంలో మొలిచింది.

"ఈసారి షాపుకి నేనూ వస్తాను. మెతకమనిషి దొరికాడు కదాని ఆ షాపతను రౌడీ చేపలన్నీ మీకే అంటగడుతున్నాడు."

"నువ్వెందుకులే! అక్కడంతా ఉక్క, నీచువాసన..."

"వస్తానన్నాను."

వెళ్ళింది.

"మా ఆవిడ!" అన్నాడు భర్త గుమ్మంలోనే, కాస్త గట్టిగా. చేపల షాపతను గబగబా స్టూలు తుడిచి వేశాడు.

ఆవిడ స్టూలు మీద కూర్చుని, కూతురికి సంబంధం చూస్తున్నట్టు మొదలుపెట్టింది.

"ఇది పోట్లాడుతుందా?"

"అబ్బే, లేదమ్మా."

"పగడాలు కొరుకుతుందా?"

"బాగా ఆకలేస్తే ఎప్పుడన్నా ఓ ముక్క..."

"వద్దు. దాని పక్కది?"

"అది బంగారమమ్మా. కాకపోతే తనలాంటిది ఇంకోటి కనబడితే చంపేస్తుంది."

"బంగారమే! ఆ మూలనున్నదో?"

ఆ మూలది పాచిపట్టిన ఎండుటాకులా ఉంది. ఒక గొట్టాన్ని నోటితో కరుచుకుని, ఎవరి జోలికీ పోకుండా గుండ్రటి కళ్ళు తిప్పుతోంది.

"దీనంత సాధువు ఇంకోటి లేదమ్మా. కలుపంటే చెవికోసుకుంటుంది. చిక్కల్లా ఒకటే, వేరే మేత ముట్టదు."

"రంగున్నది ఇంకేదైనా..." భర్త నసిగాడు.

"రంగు కొరుక్కు తింటామా? అణకువ ఉంది. ఇదే," అందావిడ.

నిజంగానే ఆ చేప ఆవిడ మాట నిలబెట్టింది. కలుపుపూలని నూడుల్స్ జుర్రినట్టు జుర్రేసింది. మిగతా చేపలు గుద్దుకుంటే తనే పక్కకి తప్పుకునేది. "చూశారా! చేపని ఎంచడమంటే ఇదీ," అని ఆవిడ భర్తకి రోజూ వినిపించింది. దానికి నెమ్మదయ్య అని పేరు పెట్టింది. సాయంత్రం అద్దం మీద వేలు ఆనిస్తే చాలు, నెమ్మదయ్య వచ్చి వేలి ఎదుట నిలబడేది. స్కూల్లో ఎవరికీ చెప్పుకోని విసుగంతా ఆవిడ దానికి చెప్పుకునేది.

కలుపంతా పోయింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

నెమ్మదయ్య పస్తు పడుకుంది. రొయ్యపొట్టు వేస్తే మొహం తిప్పుకుంది. నాచు వేస్తే తప్పుకుపోయింది. కాళ్ళావేళ్ళా పడ్డా నోరు తెరవలేదు. పొట్ట లోపలికి పీక్కుపోయింది.

"పోనీ షాపులో ఇచ్చేద్దాం. అక్కడైతే దాని తిండి దానికి దొరుకుతుంది. దాని బదులు ఇంకోటి..." అన్నాడు భర్త.

"ఇంకోటీ లేదు, గింకోటీ లేదు!" అని కసిరింది. నెమ్మదయ్యని ఇచ్చేయడం తనవల్ల కాదు. అలాగని కలుపుని చేజేతులా ఇంటికి తెస్తే, ఇన్నాళ్ళూ చెప్పిన నీతులేమైపోవాలి? మొగుడి ముందు తల ఎత్తుకునేదెలా?

స్టోరుగదిలో డబ్బాల వెనక ఓ గాజుజాడీ పెట్టుకోవచ్చు. అందులో కలుపుని పెంచి, ఆయన లేనప్పుడు కాస్త కాస్త వేయవచ్చు. బాగా ఆలోచించి, మర్నాడు స్కూలు వదలగానే ఒంటరిగా చేపల షాపుకి వెళ్ళింది. వీధి అటూ ఇటూ చూసి మరీ లోపలికి దూరింది.

"బాబూ, కలుపు పట్టిన రాయి ఏదైనా ఉందా? చిన్నదైనా చాలు."

"అదేం భాగ్యమమ్మా! పారేసేవే," అని అతను వెనకగదిలోని బకెట్లోంచి ఓ రాయి తీసి కవర్లో పెట్టి తెచ్చాడు. దాని నిండా గోధుమరంగు పూలు ఊగుతున్నాయి.

ఆవిడ దాన్ని హ్యాండ్‌బ్యాగులో దాచేసి, గొంతు బాగా తగ్గించింది.

"నీకు పుణ్యముంటుంది. మా వారికి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు."

"నా నోటి నుంచి ఒక్క ముక్క బయటికి రాదమ్మా," అన్నాడతను ధీమాగా, "కొత్త చేప మీద మనసు పడ్డప్పుడల్లా సారు ఈ బకెట్లోంచే పురుగులో, నత్తలో, కలుపో పట్టుకెళ్తారని ఇన్నాళ్ళూ మీకేమైనా చెప్పానా!"