మా అమ్మాయే సాక్ష్యం

“మా అమ్మాయే సాక్ష్యం సార్!” అన్నాడు సామ్యేలు.

డాక్టర్ సాంబశివరావు కళ్ళజోడు పైకి జరిపి చూశారు. ఆయన క్లినిక్ తెనాలిలో. మంగళవారం రేపల్లె, శుక్రవారం బాపట్ల వెళ్తారు. ఈ మూడు ఊళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళంతా ఆయన రాసిన ఇన్సులినే వాడతారు. ఆయన ఏది రాస్తే మందుల షాపుల ఫ్రిజ్‌లలో అదే ఉంటుంది.

“మా కరుణకి చిన్నప్పటి నుంచీ షుగరండి. గుంటూరులో చూపిస్తున్నాం. పొద్దున ఒక ఇంజక్షను, సాయంత్రం ఒకటి. మా కంపెనీ మందేనండి. ఒక్క దద్దురు రాలేదు!”

పక్క కుర్చీలో మహబూబ్ సుభాని కూర్చుని ఉన్నాడు. అతనూ సామ్యేలులాగే మెడికల్ రెప్, పోటీ కంపెనీ వాడు. సామ్యేలు కంపెనీది పశువుల నుంచి తీసే పాతరకం ఇన్సులిన్, చవక. సుభానీ వాళ్ళది ఈమధ్యే వచ్చిన కొత్తరకం, ఖరీదు. ఇద్దర్నీ ఒకేసారి లోపలికి పిలిచి వాదించుకోమనడం డాక్టరు గారికి అలవాటు.

“నువ్వేమంటావోయ్?”

“పాతరకం చాలామందికి బాగానే పనిచేస్తుందండి,” అన్నాడు సుభాని మెల్లగా. “కొంతమందికి పడదండి. సూది గుచ్చిన చోటల్లా దద్దుర్లు. మొహం వాచిపోయి ఊపిరాడదు. చిన్నపిల్లలైతే మరీ కష్టం. అలాంటివాళ్ళకి మా మందు తప్ప వేరే దారి లేదండి.”

“అలాంటివాళ్ళని నువ్వు చూశావా?”

సుభాని సామ్యేలు వంక చూశాడు.

“విన్నానండి.”

“విన్నాడంటండి!” సామ్యేలు నవ్వాడు. “నేను పిల్లని ఇంట్లో పెట్టుకుని చెబుతున్నా.”

డాక్టరు కూడా నవ్వారు. “రేపు సాయంత్రం అమ్మాయిని తీసుకురావయ్యా. నా కళ్ళతో చూసి తేలుస్తాను.”

క్లినిక్ ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర మిగతా రెప్‌లు సుభానీని చుట్టుముట్టారు.

“నోరు ఇంట్లో మర్చిపోయొచ్చావా ఏంటి సుభానీ? మీ ఆవిడ మున్నీసాకి చెప్పు, రేపట్నుంచి టిఫిన్ బాక్సుతో పాటు సర్ది పంపుద్ది!”

సామ్యేలు అందరికంటే గట్టిగా నవ్వాడు. టీ మాత్రం సగంలో వదిలేశాడు.

అతనికి వేరే దారి లేదు. ఏరియా మేనేజరు మొన్ననే వచ్చి చెప్పి వెళ్ళాడు. “సాంబశివరావు గారు మనవైపు తిరక్కపోతే నెలాఖరుకి రాజీనామా రాసుకో.” సుభానీకి వాళ్ళ మేనేజరు దగ్గర్నుంచీ అదే మాట. ఇద్దరిలో ఒకరే మిగులుతారు.

ఆ సాయంత్రం సామ్యేలు భార్య దేవకుమారి వంటింటి మూలనున్న కుండ మీద తడిగుడ్డ మార్చింది. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. కుండలో చల్లటి ఇసక మధ్య కరుణ ఇన్సులిన్ సీసా ఉంది.

“పిల్లని అక్కడికి తీసుకెళ్ళొద్దండి,” అంది. “ఆయన మొహం ఎలా చూస్తుంది?”

“తీసుకెళ్ళకపోతే ఉద్యోగం పోద్ది. తర్వాత తినేదేంటి?”

“తీసుకెళ్తే?”

సామ్యేలు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు కరుణ చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునే తెల్లగౌను వేసుకుంది. దారిపొడవునా సామ్యేలు ఒక్కటే చెప్పాడు. “డాక్టరు గారు అడిగితే అవునను. అంతే.”

డాక్టరు ఆ పిల్ల చేతులు తిప్పి తిప్పి చూశారు. మోచేతి పైన వేలితో నొక్కి చూశారు. చర్మం నున్నగా ఉంది. వాపు లేదు, మచ్చ లేదు.

“మీ నాన్న కంపెనీ మందేనా అమ్మా?”

కరుణ తలెత్తింది. గుమ్మం దగ్గర సుభాని నిలబడి ఉన్నాడు. శాంపిల్స్ తీసుకెళ్ళే ఐసు ఫ్లాస్కు అతని చేతిలో ఉంది. దాని మూత బిగిస్తున్నట్టు తల వంచుకున్నాడు.

“అవునండి,” అంది కరుణ గోడవైపు చూస్తూ.

“ఇక తేలిపోయిందయ్యా సుభానీ,” అన్నారు డాక్టరు. “చవకది ఇంత బాగా పనిచేస్తుంటే, కూలీనాలీ చేసుకునేవాళ్ళ చేత ఆ ఖరీదైంది ఎలా కొనిపించను?”

“మీ ఇష్టమండి.”

సుభాని ఫ్లాస్కు చంకన పెట్టుకున్నాడు. బయటికి వెళ్తూ కరుణ తల నిమిరాడు.

కొద్ది రోజుల్లోనే తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా మందుల షాపులు సుభానీ మందుని వెనక్కి పంపేశాయి. అతని కంపెనీ ఈ మూడు ఊళ్ళ లైనులో రెప్ ఉద్యోగాన్నే తీసేసింది. సామ్యేలుకి అతని కంపెనీ గోడగడియారం బహుమతిగా ఇచ్చింది. ఆ గడియారం అట్టపెట్టెలోనే ఉండిపోయింది. గోడకి తగిలించమని ఇంట్లో ఎవరూ అడగలేదు.

సుభాని, మున్నీసా సామాను సర్దుకుని రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో ఆమె పుట్టింటికి బయల్దేరారు. రేపల్లె పాసింజరు కదలబోతుండగా సామ్యేలు ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. కిటికీ కమ్మి పట్టుకుని నిలబడ్డాడు.

“గడియారం ఇచ్చారంటగా అన్నా,” అన్నాడు సుభాని నవ్వడానికి ప్రయత్నిస్తూ.

సామ్యేలు కళ్ళు తుడుచుకున్నాడు.

గార్డు విజిల్ వేశాడు. సుభాని సీటు కిందనుంచి ఐసు ఫ్లాస్కు తీసి కిటికీలోంచి అతని చేతుల్లో పెట్టాడు.

“కరుణకి నెలనెలా నేనిచ్చే మా మందు సీసాల్లో ఇవే ఆఖరివన్నా, అయిపోయాయని మళ్ళీ మీ మందు పొడవకండి, అప్పట్లాగే పిల్లకి ఊపిరాడదు.”